ఈలమ్మ ‘వద్దు’ క్లాసు

కన్నవాళ్ళు పెట్టిన పేరేమిటో ఆమె మొగుడికైనా గుర్తుందో లేదో గానీ, అందరికీ ఆమె ఈలమ్మే. నాలుగు రోడ్ల కూడలిలో ఆమె ఈల ఊదిందంటే ఎంతటి లారీ అయినా నోరు మూసుకుని ఆగాల్సిందే. ఆ చప్పుడుకు ఉయ్యాల్లో పసిపిల్లలు లేచేవారు, ఎదురుగా ఆఫీసులో కునుకు తీసే గుమస్తాలూ లేచేవారు. హెడ్ కానిస్టేబులు అయ్యేనాటికి రోడ్డు మీది దుమ్మంతా ఆమె ఊపిరితిత్తుల్లో కాపురం పెట్టింది.

“ఇంకా అక్కడే నిలబడ్డావంటే ఈల నువ్వు ఊదక్కర్లేదమ్మా, నీ ఛాతీయే ఊదుతుంది,” అన్నాడు డాక్టరు.

దాంతో స్టేషన్లో ఇన్‌స్పెక్టరు ఆమెకు వేరే పని చూపించాడు. బడికి వెళ్ళి, పిల్లలకు మత్తుమందుల గురించీ కొట్లాటల గురించీ పాఠం చెప్పాలి. వారానికొక పూట. దొంగల్ని పట్టేవాళ్ళకున్న గొప్ప ఈ పనికెక్కడిది? తోటివాళ్ళకు ఆమె నవ్వులాటైపోయింది.

“ఏం పంతులమ్మా, ఇవాళ అఆలా, ఎక్కాలా?”

“నీకు రెండూ రావుగా, నువ్వూ వచ్చి ముందు బెంచీలో కూర్చో,” అనేది ఈలమ్మ. మాట పడే మనిషి కాదు. గొంతు పెద్దది, నవ్వు ఇంకా పెద్దది, ముందు మాట్లాడి తర్వాత ఆలోచించే రకం.

పనిలో వేసే ముందు ఒక హాల్లో కూర్చోబెట్టి శిక్షణ ఇచ్చారు. చెప్పినావిడ నెరిసిన జుట్టు మనిషి, గొంతు పెంచకుండా మాట్లాడేది. ఆవిడ చెప్పినవాటిలో ముఖ్యమైనవి రెండు. మీ చేతిలో లేనిదాని గురించి పిల్లలకు మాట ఇవ్వకండి. పది మందిలో ఏ పిల్లనీ ‘నీకెలా తెలుసు’ అని అడగకండి. ఈలమ్మ అందరితో పాటు తల ఊపింది. తల ఊపడానికేం, గంగిరెద్దూ ఊపుతుంది.

పాఠంలో ఆమెకు బాగా నచ్చింది ‘వద్దు’ అనడం నేర్పే ఆట. ఒకరు ఇవ్వజూపాలి, ఇంకొకరు వద్దనాలి. బడిలో మొదలుపెట్టే ముందు ఇంట్లో ఒకసారి ఆడి చూద్దామనుకుంది. మొగుడు దర్జీ. ముందు గదిలో కుట్టుమిషను దగ్గరున్నవాణ్ణి లేపి, మత్తు అమ్మేవాడి వేషం కట్టించింది.

“ఊఁ, అడగండి.”

“ఏమని?”

“ఒక్కసారి తీసుకో, ఏం కాదు అనండి.”

ఆయన చేతికందిన దారపుండ చాపాడు. “ఒక్కసారి తీసుకోవే, ఏం కాదు.”

“వద్దు.”

“తీసుకోవే.”

“వద్దన్నానా!”

మంచం మీద కాళ్ళు చాపుకుని చూస్తున్న అత్తగారికి ఇక నోరు ఆగలేదు. “ఆ తీసుకుంటే నీ సొమ్మేం పోయిందే? మొగుడు అంతలా బతిమాలుతుంటే! నన్నైతే ఇలా బతిమాలిన దిక్కే లేదు.”

“అత్తయ్యా, అది మత్తుమందు!”

“అయితే అయింది. ఇన్నేళ్ళలో వాడు నీ చేతిలో పెట్టిందేమైనా ఉందా? ఇదైనా పుచ్చుకో.”

ముగ్గురూ నవ్వుకున్నారు. కానీ ఆయన మాత్రం ఆట వదల్లేదు. దారపుండ పట్టుకుని మీదమీదకు వచ్చి, తీసుకో తీసుకో అంటూనే ఉన్నాడు. ఈలమ్మకు నవ్వు పోయి చిరాకెత్తింది. అప్పుడు తట్టిందామెకు. అవతలివాడు వినకపోతే వద్దని ఎన్నిసార్లు అని ఏం లాభం? విన్నవాడికీ ఒక పాఠం ఉండాలి. ఆ ఆటకు తనవిగా రెండు నియమాలు పెట్టుకుంది. అనేవాళ్ళు కళ్ళల్లోకి చూసి ఒక్క మాటే అనాలి, ఎందుకో ఏమిటో చెప్పనక్కర్లేదు. విన్నవాళ్ళు ఒక్క అడుగు వెనక్కి వేయాలి, మళ్ళీ అడగకూడదు.

“వెయ్యండి అడుగు,” అంది మొగుణ్ణి. వేశాడు. వెనకున్న కుట్టుమిషను నడుముకు తగిలి, ఆ వారమంతా వంగి నడిచాడు.

బడిలో మొదటిరోజు ఖాకీ బట్టలు చూసి పిల్లలు ఊపిరి బిగబట్టారు. ఆమె వెంట అద్దం మూతున్న పెట్టె ఒకటి తెచ్చింది. అందులో ఖాళీ పొట్లాలూ, సూదీ, మాత్రల అట్టా, జిగురు డబ్బా, పిల్లలు చూసి గుర్తుపట్టేందుకు.

“మేడమ్, మీ తుపాకీ ఏది?” అన్నాడొకడు.

“నా దగ్గర ఇదే ఉందిరా,” అని జేబులోంచి ఈల తీసి ఊదింది. పక్క గదిలో లెక్కల మాస్టారు చేతిలో సుద్దముక్క జారవిడిచాడట. పిల్లలు ఒకటే నవ్వు. అంతే, వాళ్ళు ఆమె వాళ్ళయిపోయారు.

ఆ నవ్వుల్లో ఆమెకు గుండె పొంగింది. పొంగినప్పుడు ఆమె నోటికి అడ్డూ ఆపూ ఉండదు. “ఎవరైనా మీకు ఏదైనా ఇస్తే, ఎక్కడైనా ఏదైనా చూస్తే నాకు చెప్పండి. చెప్పినవాళ్ళకు ఏమీ కాదు. నాది పూచీ!” అంది, ఛాతీ మీద చేయి వేసుకుని. శిక్షణలో చెప్పిన మొదటి ముక్క అక్కడే గాలికి పోయింది.

ఆ పిల్లల్లో ఒకతె ఉంది. ఏడో తరగతి. ఉన్నంత సేపూ కిచకిచలాడుతూనే ఉంటుంది కాబట్టి ‘పిచ్చుక’ అని పేరు పడింది. చిక్కిన మనిషి, జడలు మాత్రం ఇంత లావు. తల్లి ఇస్త్రీ కొట్టు నడుపుతుంది, అన్న ఇస్త్రీ బట్టలు సైకిలు మీద ఇళ్ళకూ హాస్టళ్ళకూ చేరవేస్తాడు. పిచ్చుక తొడుక్కున్న గౌను పాతదైనా ఇస్త్రీ మడత చెదిరేది కాదు. ప్రతి ప్రశ్నకూ చెయ్యెత్తేది. “మేడమ్, మీరు ఎవర్నైనా కొట్టారా?” “మేడమ్, జైల్లో వెలుతురు ఉంటుందా?” క్లాసు అయిపోయాక పెట్టె మోస్తానని గేటు దాకా వచ్చేది. ఈలమ్మకు ఆడపిల్లలు లేరు. పెట్టె తేలికే అయినా మోయనిచ్చేది.

నాలుగైదు వారాలు గడిచాక ‘వద్దు’ ఆట మొదలైంది. ఇవ్వజూపే వేషం వేసినవాళ్ళంతా సినిమా విలన్లలా మీసం మెలేసి, “హహ్హహ్హా, తీసుకో!” అనేవారు. క్లాసంతా గోల. పిచ్చుక వంతు వచ్చింది.

పిచ్చుక నవ్వలేదు. ఎదురుగా నిలబడ్డ పిల్లాడి దగ్గరకు మెల్లగా వెళ్ళింది. వాడి చొక్కా కాలరు రెండు వేళ్ళతో సర్ది, మడత కింద ఏదో పెట్టినట్టు నొక్కి, పైన తట్టింది. గొంతు తగ్గించింది. “కాలరు కింద ఉంది. ఇప్పుడు చూడకు. రూముకెళ్ళాక చూడు. మొదటిది ఊరికే. బాగుంటే చొక్కా మళ్ళీ ఇస్త్రీకి వెయ్యి.”

పిల్లాడు వద్దనడం మరిచిపోయాడు. గుడ్లప్పగించి చూస్తూ నిలబడిపోయాడు.

ఈలమ్మకు ఒళ్ళు పులకరించింది. ఇన్ని వారాల్లో ఇంత నిజంగా ఎవ్వరూ ఆడలేదు. చప్పట్లు కొట్టింది. “భలే చేశావే! ఎక్కడ నేర్చుకున్నావే ఇదంతా?”

“మా అన్నయ్య చేస్తాడు కదా మేడమ్,” అంది పిచ్చుక, మెప్పు కోసం మొహమంతా కళ్ళు చేసుకుని.

వెనక బెంచీలోంచి ఎవరో కిసుక్కుమన్నారు. పిచ్చుక అటు చూసింది, ఇటు చూసింది, మేడమ్ మొహం చూసింది. అప్పుడు తెలిసింది పిల్లకు, తన నోట్లోంచి వచ్చిందేమిటో. ఆ మొహం ముడుచుకుపోయిన తీరు ఈలమ్మ చచ్చేదాకా మరవదు. గంట కొట్టారు. ఆ రోజు పెట్టె మోయడానికి ఎవరూ రాలేదు.

“విననట్టు ఊరుకోండి మేడమ్,” అంది క్లాసు టీచరు, వరండాలో చేయి పట్టుకుని. “చిన్నపిల్ల. ఏదో వాగింది.”

“నేను ఊరుకుంటానమ్మా. నలభై మంది పిల్లలు ఊరుకుంటారా?”

అడకత్తెరలో పోకచెక్క అయింది ఆమె పని. పోలీసుగా విన్నది స్టేషన్లో చెప్పి తీరాలి. చెబితే సాయంత్రానికల్లా జీపు వెళ్తుంది, కొట్టు సోదా చేస్తారు, కొడుకును పట్టుకుపోతారు. పట్టించింది ఎవరంటే చెల్లెలు. చెప్పినవాళ్ళకు ఏమీ కాదని ఛాతీ మీద చేయి వేసుకున్నది తనే కదా. పోనీ మింగేద్దామంటే, ఆ కాలర్ల కింది పొట్లాలు ఏ పిల్లల గదులకు పోతున్నాయో!

స్టేషను వైపు పోవాల్సిన కాళ్ళు ఇంటివైపు పోయాయి. జరిగింది చెబితే మొగుడు మిషను ఆపేశాడు. అత్తగారు వెంటనే అంది, “నోరు జారింది నువ్వు. ఆ పిల్ల కాదు. పోయి ఆ తల్లికి నువ్వే చెప్పు. బయటి నోళ్ళు చెప్పేలోపల.”

ఖాకీ విప్పి చీర కట్టుకుని వెళ్ళింది. కూడలిలో అన్నేళ్ళు నిలబడ్డ మనిషిని చీరలో గుర్తుపట్టనిదెవరు? ఆమె సందు మలుపు తిరిగేలోగా ఒక్కో గుమ్మంలో ఒక్కో తల మొలిచింది. పిల్లల నోళ్ళు ఆమెకంటే ముందే సందులోకి వచ్చేశాయి.

ఇస్త్రీ కొట్టు ఇంటి ముందు గదే. ఒక మూల మాసినవి, ఒక మూల మడతపెట్టినవి, మధ్యన కాలిన మరకల దుప్పటి పరిచిన బల్ల. పిచ్చుక తల్లి తల ఎత్తలేదు. నీళ్ళు చిలకరించి ఒక దిండు గలేబు మీద ఇస్త్రీపెట్టెను తోస్తూనే ఉంది. దాని ముడతలు ఎప్పుడో పోయాయి. మళ్ళీ మళ్ళీ అదే తోస్తోంది. బట్టల గుట్ట వెనక పిచ్చుక మోకాళ్ళలో తల పెట్టుకుని కూర్చుంది. చెంప మీద వేళ్ళ అచ్చు.

“ఎవరు కొట్టారక్కా దాన్ని?”

“నేనే. నా పిల్లను నేను కొట్టుకోకూడదా? దానికీ మీ క్లాసులో పాఠం ఉందా?”

ఈలమ్మ చీర కొంగు భుజం మీదికి లాక్కుంది.

“నా కొడుకును నా కూతురి చేత పట్టించావు కదమ్మా,” అంది తల్లి. గొంతులో కోపం కూడా లేదు. “ముందు గదిలో నేనుంటే, నా చేత్తో మడిచిన చొక్కాల్లో వాడు ఏం పెట్టాడో నాకే తెలియదు. దానికి తెలిసింది. నాతో చెప్పలేదు. నీతో చెప్పింది.”

లోపలి గుమ్మంలో అన్న నిలబడి ఉన్నాడు. ఇరవై దాటి ఉండవు. “అది చెప్పలేదమ్మా,” అన్నాడు. “ఈవిడ అడిగారంట. అందరి ముందూ.”

“అవును. నేనే అడిగాను. తప్పు నాది,” అంది ఈలమ్మ. “అది అయిపోయింది. ఇప్పుడు నా మాట విను. నేను చెప్పి వాళ్ళు నిన్ను పట్టుకుపోవడం వేరు, నీ అంతట నువ్వు వచ్చి ఎవరిస్తున్నారో చెప్పడం వేరు. రేపు పొద్దున స్టేషను గేటు దగ్గర నేనుంటాను. నాతో లోపలికి రా. చెల్లి పేరు ఎక్కడా రానివ్వను.”

“చెబితే వాళ్ళు నన్ను బతకనిస్తారా?”

“నేనున్నాగా!”

మళ్ళీ అదే నోరు. అన్న చెల్లెలి వైపు చూశాడు. “సరే, వస్తాను,” అన్నాడు. బట్టల గుట్ట వెనక తల ఒక్కసారి లేచింది. ఆ కళ్ళల్లో కాస్త వెలుగు చూసి ఈలమ్మ ఇంటికి వెళ్ళింది. ఇన్‌స్పెక్టరుకు ఆ సాయంత్రం ఏమీ చెప్పలేదు.

పొద్దున్నే గేటు దగ్గర నిలబడింది. టీ బండివాడు రెండుసార్లు గ్లాసు అందించాడు, రెండూ చల్లారిపోయాయి. అన్న రాలేదు. ఇస్త్రీ కొట్టు మీద ఎవరో పడ్డారన్న కబురు వచ్చింది.

ఆమె పరుగెత్తేసరికి ఛాతీలో పిల్లిపిల్ల అరుపులు. కొట్టు తలుపు ఒక రెక్క మీద వేలాడుతోంది. ఊళ్ళోవాళ్ళ బట్టలన్నీ మురికి కాలవలో. చీకటి విడీ విడకముందే ముగ్గురు మనుషులు వచ్చారట. ‘మీ చెల్లి క్లాసులో బాగా ఆడిందటగా, ఇప్పుడు నువ్వు ఆడు’ అన్నారట. తల్లి కాళ్ళ మీద పడినా వినలేదు. కాగుతున్న ఇస్త్రీపెట్టె తీసి, అన్న కుడి చేతిని బల్ల మీద పెట్టి... ఇక చెప్పడం ఎందుకు. పిచ్చుక అక్కడే ఉంది. బట్టల గుట్ట వెనకే.

ఇన్‌స్పెక్టరు చెడ్డవాడు కాదు. అందుకే ఆయన మాటలు ఇంకా లోతుగా దిగాయి.

“నిన్న సాయంత్రం ఎందుకు చెప్పలేదమ్మా?”

“పిల్లకు మాటిచ్చాను సార్. వాడే వస్తానన్నాడు.”

“నిన్ననే తెచ్చి లోపల కూర్చోబెట్టి ఉంటే వాణ్ణి ఎవడూ తాకేవాడు కాదు. మాటిచ్చింది నువ్వు. కాలింది వాడి చెయ్యి.”

ఆమె సెల్యూట్ చేసి బయటికి వచ్చి, నీళ్ళ కుండ దగ్గర గ్లాసు ముంచింది. ముంచిన గ్లాసు ముంచినట్టే పట్టుకుని నిలబడింది. అంతకుముందు పంతులమ్మా అని ఏడిపించినవాడు ఆ రోజు అటు రాబోయి, వెనక్కి తిరిగి పోయాడు.

ఆస్పత్రి మంచం మీద అన్న ఒక్క పేరూ చెప్పలేదు. ఇప్పుడేమని చెబుతాడు? కాలవలోంచి తీసిన చొక్కాల కాలర్ల కింద దొరికిన పొట్లాలకు కేసు మాత్రం వాడి మీదే పడింది. కట్టు కట్టిన చేతితోనే తీసుకుపోయారు. వీధిలో నోళ్ళకు అంతకంటే పండగేముంది? “ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, వాళ్ళింట్లో చెల్లెలు పట్టింది,” అని వెక్కిరించినవాళ్ళున్నారు. అదే నోటితో “పాపం, పసిది” అన్నవాళ్ళూ ఉన్నారు. ఆ కొట్టుకు బట్టలు వేయడం మాత్రం అందరూ మానేశారు. ఈలమ్మ వేసింది. తన ఖాకీ జత పట్టుకెళ్ళి బల్ల మీద పెట్టింది. పిచ్చుక తల్లి ఇస్త్రీ చేసి ఇచ్చింది. పలకరించలేదు. కాలరు మాత్రం విప్పి, కింద ఏమీ లేదని చూపించి, మళ్ళీ మడిచి ఇచ్చింది. అప్పటినుంచి ఎవరి చొక్కా ఇచ్చినా అలాగే చూపించి ఇవ్వడం ఆవిడకు అలవాటైపోయింది.

తర్వాతి క్లాసుకు పిచ్చుక రాలేదు. ఆ పై వారమూ రాలేదు. మూడో వారం వచ్చింది. కిటికీ పక్క చివరి బెంచీలో ఒక్కతే. కిచకిచ లేదు. చెయ్యెత్తలేదు. గౌను మడత మాత్రం ఎప్పటిలాగే కత్తిలా ఉంది. ఈలమ్మ ఆ రోజు పాఠం ఏం చెప్పిందో ఆమెకే తెలియదు. ‘వద్దు’ ఆట ఆడించలేదు. పిల్లలు అడిగినా ఆడించలేదు.

గంట కొట్టాక పిల్లలు సంచులు సర్దుకుంటుంటే చివరి బెంచీ దగ్గరకు వెళ్ళింది. ఏం మాట్లాడాలో దారి పొడుగునా అనుకుని వచ్చింది. తప్పు నాదేనని, నువ్వు నిజమే చెప్పావని, మీ అన్న చెయ్యి మానుతోందటని. చివరికి బయటికి వచ్చింది ఇదొక్కటే. “ఇవాళ నిన్ను ఇంటిదాకా నేను దింపనా తల్లీ?”

పిచ్చుక లేచి నిలబడింది. తిన్నగా కళ్ళల్లోకి చూసింది. కనురెప్ప వాల్చలేదు.

“వద్దు.”

ఎందుకో చెప్పలేదు. ఒక్కటే మాట. ఎలా నేర్పిందో అలాగే.

సంచులు భుజాన వేసుకుంటున్న పిల్లలంతా ఆగిపోయారు. వాళ్ళెవ్వరూ పిచ్చుక మొహం చూడలేదు. అందరి కళ్ళూ పోలీసు మేడమ్ కాళ్ళ మీదే. వద్దని విన్నవాళ్ళు ఏం చేయాలో ఆమె వాళ్ళకు నేర్పింది కదా, అది చూద్దామని.

ఈలమ్మ ఒక్క అడుగు వెనక్కి వేసింది. మళ్ళీ అడగలేదు. పిచ్చుక సంచి తగిలించుకుని, ఆమె పక్కనుంచి తలుపు దాటి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత కూడా ఆమె ఆ పని మానలేదు. మానెయ్యమని మొగుడు అన్నాడు, అత్తగారు మాత్రం “పారేసుకున్న చోటే వెతుక్కోవాలి” అంది. కొత్త క్లాసుల్లో మొదటిరోజు ఈల ఊదడం, పిల్లలు నవ్వడం మామూలే. ఛాతీ మీద చేయి వేసుకోవడం మాత్రం మానేసింది. “నాకు చెబితే నేను వింటాను. విన్నది నా పైవాళ్ళకు చెప్పాలి, దాచలేను. తర్వాత ఏమవుతుందో నా చేతిలో లేదు. నా చేతిలో ఉన్నంత చేస్తాను,” అంటుంది. ఆ మాట విన్నాక చెప్పే పిల్లలు తగ్గారు. క్లాసులు చప్పగా సాగుతున్నాయని బడివాళ్ళు అన్నారట కూడా.

ఇంకొకటి మొదలుపెట్టింది, ఎవరూ చెప్పకుండానే. బడి వదిలే వేళకు గేటు ముందు రోడ్డు మధ్యలో నిలబడుతుంది. డాక్టరు వద్దన్న దుమ్ములోనే. ఈల ఊది ఇటు బస్సులూ అటు లారీలూ ఆపుతుంది. పిల్లలు గుంపుగా దాటుతారు, “మేడమ్! మేడమ్!” అని చేతులు ఊపుతారు. గుంపు చివర పిచ్చుక దాటుతుంది. చేయి ఊపదు. తల తిప్పదు. అవతలి అంచు ఎక్కి, సందు మలుపులో ఆ లావు జడలు కనుమరుగయ్యేదాకా ఈలమ్మ ఈల నోట్లోంచి తీయదు. వెనకనుంచి డ్రైవర్లు హారన్లు మోగించి తిట్టుకుంటూ ఉంటారు.